ఇద్దరు తల్లుల సిపాయి

సాలమ్మ నవ్వు వంటశాలలో మొదలైతే భోజనాల హాలు దాటి, బయట మెట్ల మీద కూర్చుని చదువుకునే కుర్రాళ్ల దాకా వినిపించేది. "సాలమ్మక్క నవ్వుతున్నదంటే ఇయ్యాల కూర బాగున్నట్టే" అనుకునేవాళ్లు వాళ్లు. నిజానికి కూర ఎలా కుదిరిందన్నది ఆమెకు సంబంధం లేని విషయం. వంటవాళ్లు వేరే ఉన్నారు. యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో ఆమె పనల్లా కూరగాయలు తరగడం, బియ్యం చెరిగి రాళ్లు ఏరడం. తెల్లారేసరికి లాలాపేటలో ఇల్లు వదిలి, తార్నాక మీదుగా నడుచుకుంటూ వచ్చేది.

భువనగిరి పక్క పల్లెలో పుట్టిన మనిషి. రైల్వే షెడ్డులో పనిచేసే యోహానును చేసుకుని పట్నం వచ్చింది. ఒక్కగానొక్క కూతురు పెళ్లయి గోల్నాకలో కాపురం ఉంటోంది. సాలమ్మ ఎవరికీ భయపడదు. వార్డెన్‌కి కూడా భయపడదు. ఒక్క కుక్కలకు తప్ప. చిన్నతనంలో ఒక కుక్క పిక్క పట్టుకుంది. ఆ మచ్చ ఇంకా ఉంది. వీధిలో కుక్క కనిపిస్తే చుట్టు తిరిగి వేరే సందులోంచి వెళ్లేది.

అలాంటి సాలమ్మ దగ్గరికే వచ్చింది ఆ కుక్క. గోధుమరంగు ఒళ్లు, ఎడమ చెవి కొస తెగి ఉంది. ఒకరోజు పొద్దున బియ్యం గోదాములో ఆమె చేట పట్టుకుని కూర్చుని ఉండగా గుమ్మంలోంచి తిన్నగా లోపలికి వచ్చి, నోట్లో ఉన్న పందికొక్కంత ఎలుకను ఆమె కాళ్ల ముందు పెట్టి, తోక ఊపుతూ నిలబడింది. సాలమ్మ చేట విసిరేసి బస్తాల మీదకెక్కి కూర్చుంది. మెస్సు సూపర్‌వైజరు అచ్యుతరామయ్య పరుగెత్తుకొచ్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దిగు సాలమ్మా, దిగు. నీకు కానుక తెచ్చాడు. జీతం అడగని సిపాయి దొరికాడు మనకి!"

గోదాములో ఎలుకల బెడద అంతా ఇంతా కాదు. మర్నాడు మరో ఎలుక, ఆ తర్వాత ఇంకొకటి. సాలమ్మ మొదట దూరం నుంచి రొట్టెముక్క విసిరింది. కొన్నాళ్లకు దగ్గరగా పెట్టింది. ఒక మధ్యాహ్నం గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే పాదం మీద ఏదో వెచ్చగా, బరువుగా తగిలింది. కళ్లు తెరిచి చూస్తే కుక్క తల. ఆమె కదల్లేదు. భయం వల్ల కాదు, అది లేస్తుందేమోనని. అంతటితో ఆ పాత భయం పోయింది. పేరు మాత్రం సిపాయి అనే నిలిచింది.

పొద్దున్నంతా గోదాము దగ్గర ఉండే సిపాయి, హాస్టల్ భోజనాలు అవుతుండగానే మాయమయ్యేవాడు. మళ్లీ చీకటి పడేవేళకు వచ్చేవాడు. "యాడికి పోతవురా దొరా? కచేరి ఉన్నదా నీకు?" అని సాలమ్మ అడిగేది. సిపాయి చెవులు మాత్రం ఆడించేవాడు.

అరవై ఏడులో వానలు జోరుగా పడ్డాయి. ఆవరణలో చెట్ల కింద, హాస్టల్ వెనక, ఎక్కడ చూసినా నీళ్లు నిలిచాయి. కన్నాల్లో నీళ్లు చేరి ఎలుకలన్నీ గోదాములోకి ఎగబడ్డాయి. సిపాయికి చేతినిండా పని. అలాంటి రోజుల్లో ఒక పొద్దున సాలమ్మ రొట్టె పెడితే వాడు వాసన కూడా చూడలేదు. ముసలివాడిలా వెనక కాళ్లు బిగబట్టి నాలుగడుగులు నడిచి, గోడ పక్కన కక్కుకుని, అక్కడే కూలబడ్డాడు.

"ఏమైందిరా? ఏమన్న తినరానిది తిన్నవా?" అంటూ పక్కన కూర్చుంది. చెవి పట్టుకుంటే కాలిపోతోంది. గిన్నెతో నీళ్లు పెడితే ఆబగా తాగాడు, తాగినవన్నీ కక్కేశాడు. మర్నాటికి ఇంకా నీరసపడ్డాడు. వీపు నిమురుదామని చెయ్యి వేసేసరికి కుయ్యిమని అరిచి, ఆమె చేతివైపు పళ్లు చూపాడు. కరవలేదు. కానీ అది అచ్యుతరామయ్య కంటపడింది.

ఆయన దూరం నుంచే అరిచాడు. "సాలమ్మా, ఇవతలికి రా! పిచ్చెక్కింది దానికి. మునిసిపాలిటీ వాళ్లకి కబురు పెడతాను."

"పిచ్చి కాదు సార్. నొప్పికి గట్ల జేసిండు. నీళ్లు గూడ తాగుతున్నడు."

"నీకు తెలీదు. మా బావమరిదిని పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు పొడిపించాం. వాడి అరుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. రెండొందల మంది పిల్లలున్నారు ఇక్కడ. వాళ్లలో ఎవరినైనా కరిస్తే నేనేం చెప్పను?"

ఆయన మాటలో తప్పు లేదని సాలమ్మకు తెలుసు. అందుకే మరింత దుఃఖం వచ్చింది. "ఒక్కపూట ఆగుండ్రి సార్, మీకు దండం పెడత" అని, పాత చీర కొంగు చింపి తాడు పేని, సిపాయిని గోదాము పక్క స్తంభానికి కట్టేసింది.

సరిగ్గా ఆ సమయంలోనే హాస్టల్ గుమ్మం దగ్గర ఏదో గొడవ వినిపించింది. యాభై దాటిన ఒక పెద్దావిడ గొడుగు పట్టుకుని, తడిసిన చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ కుర్రాళ్లు.

"మా చిన్నబ్బాయి ఇటువైపు వచ్చాడా నాయనా? నిన్నటి నుంచీ అన్నానికి రాలేదు."

"ఏ ఇయర్ అమ్మా? రూమ్ నంబర్ ఎంత?" అన్నాడు ఒక విద్యార్థి.

"ఇయరేవిటి? రూమేవిటి? రోజూ పప్పన్నం తిని ఇటువైపే వస్తాడు. తార్నాకలో ఎవర్నడిగినా యూనివర్సిటీ వైపు చూశామంటారు."

"ఎట్లుంటడమ్మా? పొడుగా, పొట్టా?"

"గోధుమరంగు. ఎడమ చెవి కాస్త తెగి ఉంటుంది. తోక చివర తెల్లగా..."

కుర్రాళ్లలో ఒకడికి వెలిగి, "సాలమ్మక్కా! నీ సిపాయికి ఇంకో అమ్మ వచ్చింది!" అని కేకేశాడు. సాలమ్మ వచ్చి ఆవిడను గోదాము వైపు తీసుకెళ్లింది. ఇద్దరినీ చూసి సిపాయి లేవలేకపోయినా తోకను నేలకేసి టపటపా కొట్టాడు.

"చిన్నబ్బాయ్!" అంది పెద్దావిడ.

"సిపాయి" అంది సాలమ్మ.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నాలు దొర ఏ కచేరికి వెళ్తున్నాడో సాలమ్మకు అప్పుడు అర్థమైంది. దుఃఖంలోనూ నవ్వొచ్చింది. "రెండు కొలువులు జేస్తున్నవారా!"

ఆవిడ పేరు వెంకటరమణమ్మ. భర్త సోమయాజులు యూనివర్సిటీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతాడు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నారు. మడి, ఆచారం గట్టిగా పాటించే ఇల్లు. కుక్కను గుమ్మం దాటనివ్వకపోయినా పెరట్లో విస్తరాకు వేసి రోజూ అన్నం పెట్టేది ఆవిడ. ఇప్పుడు వంగి సిపాయి కళ్లలోకి చూసి ఉలిక్కిపడింది.

"చూడమ్మా, తెల్లగుడ్డు పసుపు రాసినట్టుంది!"

సాలమ్మ జాగ్రత్తగా పై పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు కూడా పచ్చగా ఉన్నాయి. స్తంభం పక్కన వాడు పోసిన మూత్రం చిక్కటి చాయ్ డికాషన్‌లా ఉంది.

"కామెర్లు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మా పక్కింట్లో సూర్యనారాయణ గారని పశువుల డాక్టరున్నారు. భోజనానికి ఇంటికొచ్చే వేళ. పద, రిక్షా పిలువు" అంది వెంకటరమణమ్మ.

సిపాయిని గోనెసంచిలో చుట్టి రిక్షా ఎక్కించారు. సాలమ్మ కింద కాళ్ల దగ్గర కూర్చోబోతే, "అక్కడ నువ్వెలా పడతావు? పైకి రా, వాడి తల నువ్వు పట్టుకో, కాళ్లు నేను పట్టుకుంటాను" అని వెంకటరమణమ్మ జరిగి చోటిచ్చింది. హాస్టల్ కుర్రాళ్లు "చిన్నబ్బాయికీ జై! సిపాయికీ జై!" అని అరుస్తూ గేటు దాకా రిక్షాను తోశారు.

డాక్టర్ సూర్యనారాయణ అప్పుడే చేయి కడుక్కుంటున్నాడు. నలభై ఏళ్ల మనిషి, నెమ్మదైన మాట. కుక్కను వరండాలో పడుకోబెట్టించి జ్వరం చూశాడు, కళ్లు చూశాడు, చిగుళ్లు చూశాడు, నడుము దగ్గర మెల్లగా నొక్కాడు. సిపాయి మూలిగాడు.

"నీళ్లు ఎక్కడ తాగుతాడు?"

"మా పెరట్లో బట్టలుతికే బండ పక్కన మడుగు ఉంది. కుండలో మంచినీళ్లు పెట్టినా అక్కడే తాగుతాడు వెధవ" అంది వెంకటరమణమ్మ.

"ఎలుకల్ని పడతాడా?"

"అదే కదా సార్ వాని పని! మా గోదాముల దినాము పడ్తడు. కొన్ని తింటడు గూడ" అంది సాలమ్మ.

డాక్టర్ తల ఊపాడు. "మీ ఇద్దరిలో ఒక్కరే వచ్చి ఉంటే నాకు సగమే తెలిసేది. ఇది ఎలుకల నుంచి వచ్చే జబ్బు. లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుక మూత్రంలో కంటికి కనపడని క్రిములుంటాయి. అవి నిలవ నీళ్లలో, తడిమట్టిలో బతుకుతాయి. కుక్క ఆ నీళ్లు తాగినా, కాలి మీద చిన్న గాయంతో ఆ బురదలో నడిచినా లోపలికి పోతాయి. ముందు జ్వరం, వాంతులు, కండరాల నొప్పులు. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు పట్టుకుంటాయి. ఈ పసుపు అదే. వానాకాలం నాకు ఇలాంటివి వస్తూనే ఉంటాయి. చాలామంది కుక్క లేవలేని స్థితికొచ్చాక తెస్తారు."

"పిచ్చి కాదు గదా సార్?" అంది సాలమ్మ.

"లక్షణాలు దానివి కావు. నొప్పిగా ఉన్నచోట చెయ్యి వేస్తే ఏ కుక్కైనా పళ్లు చూపిస్తుంది. అలాగని నీళ్లు తాగుతోంది కదా అని పిచ్చి లేదనుకోవడమూ తప్పే. ఎవర్నీ కరవలేదుగా? సరే. కట్టేసి ఉంచి కనిపెట్టి చూద్దాం." ఆయన సూది మందు సిద్ధం చేస్తూ అన్నాడు, "రక్తం పరీక్షకు పంపుతాను. ఫలితం వచ్చేదాకా మాత్రం ఆగలేం. పెన్సిలిన్ ఇప్పుడే మొదలుపెట్టాలి. వాంతులతో ఒంట్లో నీరు పోయింది, సెలైన్ ఎక్కించాలి."

అప్పుడాయన చూపు సాలమ్మ చూపుడువేలి మీద పడింది. కత్తిపీటకు తెగిన గీత ఇంకా పచ్చిగానే ఉంది.

"ఆ వేలితో దీన్ని ముట్టుకున్నావా?"

"ముట్టిన సార్."

"ఇది మనుషులకూ అంటుకుంటుంది." ఆయన తనే సబ్బు తెచ్చి చేతులు కడిగించి, వేలికి కట్టు కట్టి, ఒక జత రబ్బరు తొడుగులు ఇచ్చాడు. "ఇవి వేసుకోకుండా దాని మూత్రం పడ్డచోటు శుభ్రం చేయొద్దు. బ్లీచింగ్ పౌడరు చల్లి కడగండి. నీకు జ్వరం గానీ ఒళ్లునొప్పులు గానీ వచ్చాయో, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లి ఈ మాట చెప్పు." సాలమ్మకు ఆ తర్వాత జ్వరమూ రాలేదు, నొప్పులూ రాలేదు. కానీ ఆ తొడుగులు వేసుకున్న రోజు చేతులు చూసుకుని, "నేను గూడ డాక్టర్‌నైతి" అని నవ్వింది.

కుక్కను ఎక్కడ ఉంచాలన్నది తర్వాతి ప్రశ్న. హాస్టల్‌లో కుదరదు. లాలాపేటలో సాలమ్మది ఒక్క గది. వెంకటరమణమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"మా ఇంట్లో కారు షెడ్డుంది. కారు కొనాలని కట్టించారు. కారు రాలేదు. చిన్నబ్బాయి వస్తాడు."

మర్నాడు పని ముగించుకుని వచ్చిన సాలమ్మ పెరటివైపు తలుపు వెతుక్కుంటుంటే లోపలినుంచి వెంకటరమణమ్మ గొంతు వినిపించింది. "ఆ సందులో బురదలో ఏం వెతుకుతావు? ఇటు వీధి గుమ్మంలోంచి రా." సాలమ్మ వచ్చింది. షెడ్డులో ఒకే బల్ల ఉంది. ఇద్దరూ దానిమీదే కూర్చున్నారు. వెంకటరమణమ్మ ఆ తర్వాత స్నానం చేశాకే లోపలికి వెళ్లేది. ఆ మాట దాచుకోలేదు కూడా. "కుక్కను ముట్టుకున్నా చేస్తాను, మా ఆడపడుచును ముట్టుకున్నా చేస్తాను. ఆవిడకి చెప్పకు" అంది. ఆ పూట సాలమ్మ నవ్వుకి లోపల నిద్రపోతున్న సోమయాజులు మేలుకుని, "ఎవరే అది? ఇంట్లో పండగా?" అని బయటికొచ్చాడు.

మొదటి రోజులు కష్టంగానే గడిచాయి. డాక్టరు పొద్దున ఆసుపత్రికి వెళ్తూ ఒక సూది, సాయంత్రం వస్తూ ఒక సూది వేసేవాడు. సిపాయి పక్కటెముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయాడు. యోహాను రైల్వే షెడ్డులో పని దిగి, మసి బట్టలతోనే వచ్చి, కుక్క పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశాడు. వెంకటరమణమ్మ ఆంజనేయుడికి ఆకుపూజ మొక్కుకుంది. "ఎవరి దేవుడు ముందొస్తే ఆయనకే సూది అప్పజెబుతాను" అన్నాడు డాక్టరు.

ఒక సాయంత్రం సాలమ్మ షెడ్డులో అడుగుపెట్టేసరికి సిపాయి నిలబడి ఉన్నాడు. కాళ్లు వణుకుతున్నా నిలబడే ఉన్నాడు. మూత్రం రంగు తేలికపడింది. వెంకటరమణమ్మ పెరుగన్నం మెత్తగా పిసికి గిన్నెలో తెచ్చింది. సిపాయి వాసన చూశాడు, ఒకసారి నాకాడు, ఆగాడు. మళ్లీ నాకాడు. ఇక ఆగలేదు. గిన్నె నేలమీద గరగరా జరుగుతూ గోడదాకా పోయింది.

"తిన్నడు! అమ్మగారూ, తిన్నడు!"

"కక్కుతాడేమో చూడు."

"కక్కలే! మల్ల అడుగుతున్నడు!"

వెంకటరమణమ్మ కళ్లు తుడుచుకుంటూ, "మా చిన్నబ్బాయి బతికాడు" అంది. "నా సిపాయి గట్టోడు" అంది సాలమ్మ. ఆ పేరు మీద వాళ్లకు చిన్న వాదన కూడా జరిగింది. చివరికి సోమయాజులు తీర్పు చెప్పాడు: "పూర్తి పేరు సిపాయి చిన్నబ్బాయి. ఇంటిపేరు, ఒంటిపేరు. ఇక ఊరుకోండి."

రక్తపరీక్షలో డాక్టరు చెప్పిన జబ్బే తేలింది. పచ్చదనం పోయింది. కుక్క గంతులేస్తోంది. అయినా డాక్టరు వదలనివ్వలేదు. "చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇంకా కొన్ని వారాలు మూత్రంలో క్రిములు పోతూనే ఉండొచ్చు. దానికింకో మందు వేస్తాను. అంతదాకా షెడ్డులోనే. రేపు వదిలాక మళ్లీ అదే మడుగు, అదే గోదాము అయితే ఈ శ్రమంతా ఎందుకు?"

ఆ మాట ఇద్దరికీ తగిలింది. వెంకటరమణమ్మ మేస్త్రీని పిలిపించి, బట్టలుతికే బండ చుట్టూ సిమెంటు చేయించి, నీళ్లు నిలవకుండా కాలువ తీయించింది. మడుగు ఉన్నచోట మట్టి పోసి కనకాంబరాలు వేసింది.

గోదాము సంగతి అంత సులువు కాదు. సాలమ్మ వెళ్లి అచ్యుతరామయ్యకు విన్నదంతా చెప్పింది. ఆయన బస్తాల వైపు తిరిగాడు. "అయితే ఎలుకలు తిరిగిన ఆ బియ్యమే మనం వండుతున్నామన్నమాట."

"మరి గదే కద సార్."

ఆ ఆదివారం హాస్టల్‌లో జాతర జరిగినట్టే అయింది. అచ్యుతరామయ్య పంచె ఎగగట్టి ముందు నిలబడ్డాడు. కుర్రాళ్లు బస్తాలన్నీ బయటికి మోసి, కన్నాల్లో గాజుపెంకులు కూరి సిమెంటు పూశారు. చెక్కలు పరిచి బస్తాలను నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా పెట్టారు. పప్పులు మూతలున్న డబ్బాల్లోకి ఎక్కాయి. వెనకవైపు పారబోసే ఎంగిలి అన్నానికి మూత ఉన్న డ్రమ్ము వచ్చింది. తప్పించుకున్న ఎలుక ఒకటి లా చదివే కుర్రాడి పైజమాలోకి దూరితే, వాడు ఆవరణంతా గెంతిన గెంతును హాస్టల్ నాటకాల పోటీలో అందరూ అనుకరించారు.

సిపాయి తిరిగి వచ్చేసరికి గోదాము తలుపుకి ఇనుప జాలీ పడింది. వాడు దాని ముందు కూర్చుని అచ్యుతరామయ్య వైపు చూశాడు.

"నీ ఉద్యోగం తీసేశాం నాయనా. పింఛను మీద ఉండు" అని ఆయన స్వయంగా రొట్టె పెట్టాడు. అంతకుముందు ఎప్పుడూ ఆయన కుక్కకు చేత్తో పెట్టి ఎరగడు.

ఆ తర్వాత సాలమ్మకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. దారిలో ఏ కుక్క డీలాగా కనిపించినా ఆగేది. ఇంటివాళ్లను పిలిచి అడిగేది: "తింటున్నదా? కక్కుతున్నదా? నడుము నొప్పి ఉన్నట్టున్నదా? కండ్లు, చిగుర్లు జూసిండ్రా? పచ్చగైనంక కాదు, గంతకన్న ముందే దవాఖానకు తోల్కపోవాలె." గోల్నాకలో కూతురి పక్కింటి కుక్క అన్నం మానేసి కక్కుతోందని తెలిస్తే, పసుపు రంగు తేలకముందే వాళ్లను పశువుల దవాఖానకు పంపింది. అది తేలిగ్గా లేచింది. డాక్టరు సూర్యనారాయణ ఆ కబురు విని, తార్నాకలో కుక్కలున్న ఇళ్లవాళ్లను తన వరండాలో పోగేసి, "నేను చెబితే పాఠంలా ఉంటుంది, నువ్వు చెప్పు సాలమ్మా" అన్నాడు.

ఆమె నలుగురిలో నిలబడి మాట్లాడి ఎరగదు. కొంగు బిగించి మొదలుపెట్టింది. "నిలిచిన నీళ్లు తాగనియ్యకుండ్రి. దినాము గిన్నె కడిగి మంచినీళ్లు పొయ్యండ్రి. ఎంగిలి మెతుకులు బయట పారబొయ్యకుండ్రి, ఎలుకలొస్తయి. జబ్బు కుక్కను ఉత్త చేతుల ముట్టుకోకుండ్రి, పిల్లల్ని అస్సలు దగ్గరికి రానియ్యకుండ్రి." ఎవరో టీకా లేదా అని అడిగారు. డాక్టరు అందుకున్నాడు. టీకా ఉందని, విదేశాల నుంచి రావాలని, తెప్పించే ప్రయత్నంలో ఉన్నానని, అది వచ్చినా ఏటా వేయించాల్సిందేనని, అన్ని రకాల క్రిములనూ అది ఆపదు కాబట్టి సాలమ్మ చెప్పినవి మానకూడదని వివరించాడు.

టీకా మరుసటి ఎండాకాలంలో వచ్చింది. మొదటి సూది సిపాయికే. వాడు చీమ కుట్టినట్టు కూడా కదల్లేదు; వెంకటరమణమ్మే కళ్లు మూసుకుంది.

అంతకుముందే క్రిస్మస్ వచ్చింది. ఆ పండగకి సాలమ్మ పిలుస్తుందని గాని, తాము వెళ్తామని గాని సోమయాజులు దంపతులు అనుకోలేదు. సాలమ్మ పిలిచింది, వాళ్లు వెళ్లారు. లాలాపేటలో ఆ ఒక్క గదికీ యోహాను సున్నం వేసి, గుమ్మానికి రంగుకాగితాల నక్షత్రం కట్టాడు. వండినవి వాళ్లు తినరని తెలిసి సాలమ్మ అరటిపళ్లు, జామకాయలు, కొట్టని కొబ్బరికాయ పళ్లెంలో పెట్టి ముందుంచింది. వెంకటరమణమ్మ మంచం మీద కూర్చుని అరటిపండు ఒలుచుకు తింది, ఇంకొకటి అందుకుంది.

"ఏ ఊరి పళ్లమ్మా ఇవి? ఇంత తియ్యగా ఉన్నాయి!"

"మౌలాలి బజార్ల తెచ్చిన అమ్మగారూ. మీరొస్తరని ఏరి ఏరి తెచ్చిన."

బయట పాటలవాళ్లు డప్పు, తాళాలతో వీధిలోకి వచ్చారు. సిపాయి చిన్నబ్బాయి గుమ్మంలో కూర్చుని మూతి ఆకాశానికెత్తి వాళ్లతో గొంతు కలిపాడు. పాటలవాళ్లు ఆపి చూశారు. సోమయాజులు వాళ్లకేసి చెయ్యి ఊపి, "ఆపకండి, వాడికి శ్రుతి ఇప్పుడే కుదిరింది" అన్నాడు.